రుమాలు కింద చెయ్యి

ఉచ్చీరప్ప తుపాకి కొన్నది అడవి పందుల కోసం. అది పోతుందని తెలిసినప్పుడు అంతగా తల్లడిల్లింది మాత్రం పందుల గురించి కాదు. ఈ సంగతి సర్కారుకు తెలియదు, ఆదోని షావుకార్లకు తెలియదు, ఆయనకు కూడు పెట్టిన ఊరివాళ్ళకూ తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాళ్ళని అడిగితే, ఏమీ చేసేవాళ్ళు కాదనే నా నమ్మకం.

ఆ తుపాకి ఆదోనిలో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు చూసుకునే ఒక దొరది. స్వాతంత్ర్యం వచ్చాక పెట్టే బేడా సర్దుకుంటూ, వేటలో తన వెంట తిరిగిన ఉచ్చీరప్పను పిలిచి కొంటావా అని అడిగాడు. ఉచ్చీరప్ప వెనకా ముందూ చూడకుండా ఎద్దుల జతను అమ్మి కొనేశాడు. బళ్ళారి పోయి, కలెక్టరు కచేరీ వరండాలో పడిగాపులు కాసి, వేలిముద్ర వేసి లైసెన్సు రాయించుకున్నాడు. దొంగది కాదు, దాచింది కాదు. ఊరంతా చూస్తుండగా భుజాన వేసుకుని నడిచి వచ్చాడు.

భార్య హుసేనమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

"ఎద్దుల్నమ్మి ఇనప కట్టె తెచ్చినావు. దీన్ని కాడికి కట్టి దున్నుతావా?" అంది.

ఆమె మాట తీరే అంత. బతికున్నన్నాళ్ళూ ఆ తుపాకిని సవతి అనే పిలిచింది. తర్వాత ఒక వానాకాలం జ్వరం తగిలి పోయింది. పిల్లలు లేరు. తిట్టే మనిషి కూడా లేని ఇంట్లో ఉచ్చీరప్పా, సవతీ మిగిలారు.

వాళ్ళ పల్లె పెద్దకడుబూరుకు దగ్గర. వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో గుట్టల మీది నుంచి పందులు మందలుగా వచ్చి చేను చేనంతా తిరగేసి పోయేవి. రైతులంతా కలిసి ఉచ్చీరప్పకు మంచె వేసిచ్చి కావలి పెట్టుకున్నారు. కావలి ఉన్నన్నాళ్ళూ పొద్దు వాలేసరికి వంతు ప్రకారం ఒక్కో ఇంటివాళ్ళు మంచె దగ్గరికి కూడు తేవాలి. అది ఊరి కట్టుబాటు. గిన్నె వాళ్ళది గనక, ఆయన తిని కడిగి ఇచ్చేదాకా తెచ్చినవాళ్ళు అక్కడే కూర్చోవాలి. అందుకని ఉచ్చీరప్ప మెల్లగా తినేవాడు.

"మామా, నువ్వు ఈ రొట్టె ముగించేలోపల మా ఎద్దులు నెమరేసి నిద్రపోతాయి," అనేవాడు మాదన్న అనే రైతు.

"పండ్లు కదులుతాండాయిరా," అనేవాడు ఉచ్చీరప్ప. రాయి కొరికినా కదలని పళ్ళు ఆయనవి.

ముద్దకొక ప్రశ్న వేసేవాడు. కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా, బర్రె ఈనిందా, కొత్త గోడ ఎంతవరకు లేచింది. పంట పెరికేనాటికి ఊరి కష్టసుఖాలన్నీ ఆయనకు తెలిసిపోయేవి. చేలు ఖాళీ అయి మంచె దిగాక మాత్రం ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళని కాదు, ఆయనతో పని ఉండదు, అంతే. ఎండాకాలంలో ఎప్పుడైనా దగ్గు వస్తే తన గొంతు తనకే కొత్తగా వినబడేది. మళ్ళీ వాన పడాలి, విత్తనం పడాలి, పంది రావాలి. పందులు రావాలని కోరుకునే కావలివాడు లోకంలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

ఆదోని తాలూకాను బళ్ళారి నుంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపిన మరుసటి ఏడు ఒక ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో దండోరా వేశారు. సైన్యం వాడే తూటా పట్టే తుపాకులు ఇకమీదట వేట తుపాకుల లెక్కలోకి రావు, యుద్ధ తుపాకుల లెక్కలోకి వస్తాయి. వాటి పాత లైసెన్సులు చెల్లవు. గడువు లోపల పోలీసు స్టేషనులో అప్పగించాలి. పరిహారం సంగతి తర్వాత తెలియజేయబడును. సర్కారు ఏదైనా 'తెలియజేయబడును' అన్నదంటే మనం దాని మీద ఆశ వదులుకోవచ్చు. దొర అమ్మిపోయిన రైఫిలు ఆ రకమే. తుపాకి అదే, మనిషి అదే, పంది అదే. నిన్న సాయంత్రం దాకా వేటది, పొద్దున లేచేసరికి యుద్ధానిది అయిపోయింది. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఉచ్చీరప్పకు ఒళ్ళు మండలేదు, భయం వేసింది. తుపాకి లేని కావలివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? కావలే లేకపోతే వంతు కూడు ఎవరు తెస్తారు, ఎవరొచ్చి మంచె కింద కూర్చుంటారు? ఏడాదిలో సగం రోజులు ఎలాగూ ఒంటరివే. మిగతా సగం కూడా పోతే తను మనిషో, చెట్టో చెప్పేవాడు ఉండడు.

అంతలో ఆదోని నుంచి కబురొచ్చింది. పత్తి మండీ మల్లికార్జునయ్య ఇలాంటి తుపాకులున్న వాళ్ళందరినీ తన మండీకి రమ్మన్నాడు. ఆయన పెద్ద షావుకారు. ఆయనకూ ఒక రైఫిలు ఉంది, గోడకు తగిలించిన జింక కొమ్ములు కూడా ఉన్నాయి.

ఉచ్చీరప్ప ఉతికిన పంచె కట్టుకుని పోయాడు. మండీ నిండా జంపఖానాలు పరిచారు. ధాన్యం వ్యాపారులు, చుట్టుపక్కల రెడ్లు, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన నూలు వ్యాపారి గురురాజ. ఉచ్చీరప్ప ఊరి రెడ్డి కూడా వచ్చాడు. అతుకుల చొక్కా వేసుకున్నది ఉచ్చీరప్ప ఒక్కడే. గుమ్మం దగ్గర నిలబడిపోతే మల్లికార్జునయ్య కేకేశాడు.

"ఏమప్పా, ఆడనే నిలబడినావు? రా, ఈడ కూసో. నీదీ తుపాకే, మాదీ తుపాకే. మనమంతా ఒకటే."

ఉచ్చీరప్ప జంపఖానా అంచున కూర్చున్నాడు. 'మనం' అన్న మాటను ఆయన చాలాసేపు లోలోపల చప్పరిస్తూ ఉండిపోయాడు. షావుకారు భార్య అన్నపూర్ణమ్మ కాఫీలు పంపింది. అందరికీ ఇత్తడి లోటాల్లో వచ్చింది, ఆయనకు గాజు గ్లాసులో. ఆయన గమనించలేదు. గమనించినా తాగేవాడే.

గురురాజ లేచి గట్టిగా మాట్లాడాడు.

"మనం దొంగతనంగా కొన్నామా? సర్కారు ముద్ర వేసిన కాగితం చేతిలో పెట్టుకోని కొన్నాము. పోయిన నెలదాకా చెల్లిన కాగితం ఈ నెల యాల చెల్లదు? నా తుపాకితో ఎవుడు సచ్చినాడో చెప్పమనండి. ఈ పొద్దు తుపాకి అడిగినోడు రేపు కొడవలి అడుగుతాడు!"

అందరూ శభాష్ అన్నారు. నువ్వూ ఒక మాట చెప్పమని ఉచ్చీరప్పను లేపారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా తుపాకి పోతే నాకు కూడు తెచ్చేదెవురయ్యా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ఎవరికైనా మొదట తోచేది కడుపు సంగతే కదా అని. ఆయన చెప్పింది కడుపు సంగతి కాదు. అది విడమరిచి చెప్పడం ఆయనకు చేతకాలేదు, కూర్చున్నాడు.

"ఎవరి మనసులో ఏముందో మన మార్కెట్టు పద్ధతిలోనే తేల్చుకుందాం," అని మల్లికార్జునయ్య భుజం మీది రుమాలు తీశాడు.

పత్తి మార్కెట్టులో అసలు ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన రుమాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పైకి మాత్రం, కుదరదు పోవయ్యా, నీ ధరకు నా వాకిట్లో దుమ్ము కూడా రాదు అని అరుచుకుంటూనే ఉంటారు. ఆ అరుపులు చుట్టూ నిలబడ్డవాళ్ళ చెవుల కోసం. బేరం గుడ్డ కింద తెగిపోతుంది. మార్కెట్టులో పుట్టి పెరిగిన వాళ్ళకు ఇది ఒకరు చెప్పే పని లేదు. ఉచ్చీరప్ప జీవితంలో పత్తి అమ్మినవాడు కాదు.

"తుపాకి ఇచ్చేసి బదులుగా ఇంకేదన్నా అడుగుదామనేవాళ్ళు ఒక్క వేలు నొక్కండి. ఏమైనా సరే ఇచ్చేది లేదనేవాళ్ళు చెయ్యంతా పట్టుకోండి," అన్నాడు మల్లికార్జునయ్య. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి చాచి రుమాలు కప్పాడు.

ఉచ్చీరప్ప వంతు వచ్చింది. గుడ్డ కింద షావుకారు చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. ఉచ్చీరప్ప చెయ్యంతా పట్టుకున్నాడు. పట్టుకుని వదలలేదు. హుసేనమ్మ పోయిన తర్వాత మనిషి చెయ్యి పట్టుకున్నది అదే మొదలు. మల్లికార్జునయ్యే ఇబ్బందిగా నవ్వి, మెల్లగా చెయ్యి లాక్కున్నాడు.

ఆ సరికి గుమ్మం దగ్గర స్టేషను మనిషి ఒకడు, ఊరికే అటు వచ్చినట్టు, కాఫీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. మల్లికార్జునయ్య రుమాలు దులిపి భుజాన వేసుకుని అందరికీ వినబడేలా చెప్పాడు.

"అందరూ గట్టిగా ఉండారు. ఒక్కడు కూడా ఇచ్చేది లేదు. శుక్రవారం లైసెన్సుల ఆఫీసరు ఎమ్మిగనూరు సర్కారు బంగళాలో క్యాంపు చేస్తాడు. ఉత్త చేతులతో అందరం పోతాం. ఇయ్యమని ఆయన ముఖం మీదనే చెప్తాం."

చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది ఉచ్చీరప్ప.

శుక్రవారం వరకు ఆయన్ను పట్టలేకపోయారు. మంచె కిందికి కూడు తెచ్చిన వాళ్ళందరికీ అదే కథ.

"శుక్రవారం మేమంతా ఎమ్మిగనూరు పోతాండామురా మాదన్నా. మా వాళ్ళు ఒక్కడు కూడా జంకేది లేదు."

"మీ వాళ్ళెవురు మామా?"

"ఆదోనిలో ఉండారులే."

మాదన్న నవ్వాపుకున్నాడు. ఆ సాయంత్రం ఉచ్చీరప్ప రొట్టె గబగబా తినేసి గిన్నె కడిగి ఇచ్చేశాడు. మాదన్నకు అది వింతగా అనిపించి ఇంట్లో చెప్పుకున్నాడు కూడా.

శుక్రవారం తెల్లవారకముందే బయలుదేరి ఎమ్మిగనూరు చేరాడు. దారి పొడుగునా ఏ ఇంటి ముందుకు పోయినా మగ్గాల చప్పుడు. బంగళా గేటు దగ్గరికి తనే మొదట వచ్చానని మురిసిపోయాడు. కాంపౌండు గోడ నీడన కూర్చున్నాడు. ఆఫీసరు జీపు వచ్చింది. ఒక బంట్రోతు బయటికి వచ్చి ఎవరు కావాలన్నాడు.

"మావాళ్ళు వస్తారు. వచ్చినాక అందరం కలిసి లోపలికి వస్తాము."

ఎండ ఎక్కింది. గోడ నీడ పాదాల దాకా కుదించుకుపోయింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా లేచి పంచె సర్దుకునేవాడు. నూలు మోపులు, నీళ్ళ బండ్లు, సంతకు పోయే మనుషులు. మా వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు కదా, రావాలంటే పొద్దెక్కుతుంది అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. గురురాజది ఆ ఊరే అన్న సంగతి గుర్తుకొస్తే దాన్నీ పక్కకు నెట్టేశాడు. మనసు వద్దన్న దాన్ని మనిషి ఎంత తేలిగ్గా మరిచిపోతాడో.

పొద్దు వాలే వేళకు గురురాజ వచ్చాడు. రోడ్డు మీద నుంచి కాదు, బంగళా లోపలి నుంచి. వెనక వాకిలి ఇంకొకటి ఉందని ఉచ్చీరప్పకు అప్పుడు తెలిసింది. గురురాజ ఆయన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వేంటప్పా ఈడ?"

"మీకోసరమే సూస్తాండాను. మిగతావాళ్ళు యాడ?"

గురురాజ ముఖం అదోలా అయింది. "నీకు మల్లికార్జునయ్య చెప్పలేదా? రైఫిళ్ళు అందరం ఇచ్చేసినాము కదప్పా. బుధవారమే అయిపోయింది. బదులుగా జోడు నళ్ళ వేట బందూకులకు లైసెన్సులు రాస్తాండారు. నేను కాగితం తీసుకునేదానికి వచ్చినాను."

"ఇయ్యమని అంటిరి కదా. అందరూ గట్టిగా ఉండారని అయ్య సెప్పె కదా."

"అది పైకి చెప్పిన మాటప్పా," అన్నాడు గురురాజ. ఇంకేమో చెప్పబోయి, చెప్పినా ఈయనకు తలకెక్కదనుకున్నాడేమో, భుజం తట్టాడు. "రేపే గడువు. ఆదోని స్టేషనులో ఇచ్చేసెయ్. ఇయ్యకపోతే కేసు పెడతారు."

మరునాడు ఉచ్చీరప్ప తుపాకి భుజాన వేసుకుని ఆదోని పోయాడు. నేరుగా స్టేషనుకు పోలేదు, మండీకి పోయాడు. ఆయన్ను చూడగానే మల్లికార్జునయ్య గుమాస్తాలను లోపలికి పంపేశాడు. తుపాకి ఉన్న మనిషి తన వాకిట్లో నిలబడితే ఏ షావుకారైనా మెత్తగానే మాట్లాడతాడు.

"కూసో ఉచ్చీరప్పా. కోపం వద్దు," అన్నాడు.

"కోపం లేదయ్యా. ఆ పొద్దు గుడ్డ కింద అందరూ ఏం పట్టుకున్నారు?"

మల్లికార్జునయ్య కాసేపు జింక కొమ్ముల వైపు చూశాడు. తర్వాత ఉన్నమాట చెప్పాడు. అంతవరకు ఆయన్ను మెచ్చుకోవాలి.

"అందరిదీ ఒక్క వేలే. నాది కూడా. చెయ్యంతా పట్టుకున్నది నువ్వొక్కడివే. నీకు పద్ధతి తెలియక పట్టుకున్నావనుకున్నాను. తర్వాత ఆఫీసరు దగ్గర బేరానికి అదే పనికొచ్చింది. సచ్చినా ఇయ్యమనేవాళ్ళు కూడా ఉండారు సామీ, వాళ్ళను చూసి మావాళ్ళు కూడా రేగుతారు, బందూకులన్నా ఇయ్యండి అన్నాను. సరేనన్నాడు. నువ్వు గట్టిగా నిలబడబట్టే మా పని అయింది."

"నాకొక మాట సెప్పింటే అయిపోయె కదయ్యా."

"చెప్తే నువ్వు శుక్రవారం పోయేవాడివి కాదు కదప్పా. గేటు కాడ నిన్ను చూసినాకనే ఆఫీసరు మా లైసెన్సుల మీద సంతకం పెట్టె."

నేనైతే ఆ వాకిట్లోనే ఆ షావుకారు చొక్కా పట్టుకునేవాణ్ణి. ఉచ్చీరప్ప తల ఊపాడు, అంతే.

"బందూకు కొనే శక్తి నీకు లేదని నీ పేరు రాయించలేదు," అన్నాడు మల్లికార్జునయ్య. "మీ ఊరి రెడ్డికి వచ్చింది. పందుల సంగతి ఆయన జీతగాళ్ళు చూసుకుంటారు. నీకు గింజలకు లోటు రానియ్యను. మూట ఇంటికి పంపిస్తాను."

"గింజలు వద్దయ్యా." ఉచ్చీరప్ప తుపాకి పట్టీని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. అడగాలా వద్దా అని తడబడి చివరికి అడిగేశాడు. "మల్లా ఎప్పుడు కూడతామయ్యా?"

"ఎవురు?"

"మనమే."

మల్లికార్జునయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "కూడేదానికి ఇంగ ఏముందప్పా? తుపాకులే పోయె కదా."

"తుపాకులు లేకుంటే కూడకూడదా?"

షావుకారు లోపలికి తిరిగి, కాఫీ తెమ్మని భార్యకు కేకేశాడు. అన్నపూర్ణమ్మ గాజు గ్లాసు పట్టుకుని వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు.

స్టేషనులో కాగితాలు రాసే పోలీసు తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి, నంబరు రాసుకున్నాడు.

"ఇద్దరు సాక్షులు కావాల. నిన్నెరిగినోళ్ళను పిల్సుకోనిరా."

"నన్నెరిగినోళ్ళా సామీ?"

"అవునప్పా. ఈ మనిషిని ఎరుగుదుము, ఈ తుపాకి ఇతనిదే అని వేలిముద్ర వేయాల. ఈ ఊర్లో నిన్నెరిగినోళ్ళు ఎవురూ లేరా?"

ఉచ్చీరప్ప వీధి వైపు చూశాడు. ఆ వీధి చివరనే మండీ. ఆయన కదల్లేదు. పోలీసుకు విసుగొచ్చి బయటికి వచ్చాడు. పక్కన బండి మీద పత్తి బేళ్ళు ఎక్కిస్తున్న హమాలీలు ఇద్దరిని రమ్మని, ఈ పెద్దాయన మీకు తెలుసని వేయండి అన్నాడు. పోలీసు చెప్పాక తెలియకపోవడం ఉండదు. ఇద్దరూ చేతులు పంచెకు తుడుచుకుని బొటనవేళ్ళు ముందుకు చాచారు.

ఉచ్చీరప్ప అడ్డం పడ్డాడు.

"ఉండండి నాయనా. ఎరగకుండా ఎరుగుదుమని వేస్తే అబద్ధమైపోతాది. ముందు నన్ను ఎరుక చేసుకోండి. నీ పేరేంది?"

"పుల్లన్న."

"నీదో?"

"యేసేపు."

"పుల్లన్న, యేసేపు," అని ఉచ్చీరప్ప మెల్లగా అనుకున్నాడు. ముఖం విప్పారింది. "నా పేరు ఉచ్చీరప్ప. మాది పెద్దకడుబూరు కాడ పల్లె. శెనగ చేలకు కావలుంటాను. ఈ తుపాకి దొర కాడ కొన్నాను, దొంగది కాదు. దీనికోసరం ఎద్దుల్ని అమ్మినాను. మంచి ఎద్దులు, ఒకటి కపిలది..."

హమాలీలు ఇద్దరూ మర్యాదగా తల ఊపుతూనే ముద్రలు వేసేశారు. బండి మీద నుంచి మేస్త్రీ ఒరేయ్ అని అరిచాడు. వస్తాము పెద్దాయనా అని యేసేపు అన్నాడు, పుల్లన్న అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఉచ్చీరప్ప వాళ్ళ వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"ఎద్దుల్ని అమ్మితే మా ఇంటిది ఆ పూట పొయ్యి ఎలిగించలా," అని గొంతు పెంచాడు. "దాని పేరు హుసేనమ్మ..."

వాళ్ళు బేలును భుజాలకెత్తుకున్నారు. ఇక వినబడదు. ఉచ్చీరప్ప గుమ్మంలో నిలబడి, హుసేనమ్మ ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, చివరిదాకా చెప్పాడు.